పూజలో పెట్టిన కత్తి

కత్తి కొనడానికి ముగ్గురు కలిసి వెళ్లకూడదు. ఒక్కడే వెళ్తే కత్తి తెస్తాడు. ముగ్గురు వెళ్తే కత్తితో పాటు ఒక తగాదా కూడా తెస్తారు. ఆ తగాదాను రోజూ నడుమ కూర్చుని మోసేవాడు మూడోవాడు. ఆ మూడోవాణ్ని నేను.

ఎనభైల్లో మాట. దుబాయ్‌లో జబెల్ అలీ దగ్గర కంపెనీ క్యాంపులో ఉండేవాళ్లం. నేను పగలంతా ఇనుప చువ్వలు కట్టి, సాయంత్రం మా గదికి వంట చేసేవాణ్ని. భోజన్న కాక మా మెట్‌పల్లి పక్కమనిషే, తాపీ మేస్త్రీ. ఫకీర్ సాహెబ్‌ది ప్రొద్దుటూరు వైపు, కంపెనీ పికప్ నడిపేవాడు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే షిప్పులో వచ్చి దిగారు. ఒకే గదిలో ఎదురెదురు మంచాలు. పొద్దున లేచి ఏదో ఒకదాని మీద వాదించుకోకపోతే ఇద్దరికీ చాయ్ గొంతు దిగేది కాదు. పప్పులో చింతపండు ఎంత పడాలి అన్నదాని మీద ఒక రంజాన్ నుంచి మరుసటి రంజాన్ దాకా వాదించుకున్న మనుషులు. వండేది నేనని ఇద్దరికీ గుర్తుండేది కాదు.

నేను చెప్పే ఏడు కంపెనీ డ్రైవర్లను తగ్గించింది. ఫకీర్ సాహెబ్ వీసా క్యాన్సిల్ అయింది. శనివారం విమానం. దానికి ముందురోజు, శుక్రవారం, దసరా. మేము వచ్చాక దసరా సెలవునాడు పడటం అదే మొదటిసారి.

"ఈసారి ఫ్రిజ్ కోడి వద్దు హన్మంతూ. బయటికి పోయి, జమ్మిచెట్టు కింద యాట గోసుకుందాం. సాబే గొయ్యాలె. మా ఊర్లె గూడ సాయెబు గోస్తెనే యాట," అన్నాడు కాక.

ఎడారిలో జమ్మిచెట్టు ఎక్కడిదని నవ్వకండి. అరబ్బులు గాఫ్ అనే చెట్టు మన జమ్మే. జైదు ఊరు దాటాక ఫుజైరా రోడ్డు పక్కన బోలెడున్నాయని ఫకీర్ సాహెబ్ ఎప్పుడో చెప్పాడు. గురువారం డ్యూటీ అయ్యాక బయలుదేరి, దారిలో మేకల మంద దగ్గర యాటను కొని, రాత్రి అక్కడే టార్పాలిన్ కింద పడుకుని, శుక్రవారం పండుగ చేసుకుని రావాలని అనుకున్నాం. పికప్ తాళం శుక్రవారం పొద్దుగూకేలోపు ముదీర్, అంటే మా మేనేజర్, చేతిలో పెడతానని ఫకీర్ సాహెబ్ మాటిచ్చాడు.

అన్నీ ఉన్నాయి, కత్తి లేదు. గదిలో ఉన్నది కూరగాయలు కోసే చాకు. దాని పిడికి కరెంటు టేపు చుట్టి చుట్టి, చివరికి టేపే పిడి అయింది. దాంతో టమాటాను కోయాలన్నా ముందు బతిమాలుకోవాలి. మెస్సులో పెద్ద కత్తి ఉన్నా, దాన్ని అడగడం కన్నా మెస్సు వంటవాడి కిడ్నీ అడగడం తేలిక. అందుకని సోమవారం సాయంత్రం ముగ్గురం డేరా బజారుకు వెళ్లాం.

బజారు సందులో ఒక ఇరానీ సేఠ్ దుకాణం. తాళ్లు, లాంతర్లు, నీళ్ల డబ్బాలు, గోడకు వరసగా కత్తులు. సేఠ్ మొదట మడత కత్తులు తీశాడు. అవి చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి గానీ, మడత సందులో ఇసుక దూరితే తెరుచుకోవు, తెరుచుకున్నా యాట గింజుకునేటప్పుడు వేళ్ల మీదికి మడుచుకోవని నమ్మకం లేదు. మడత లేనిదే కావాలని ముగ్గురం ఒక్క మాట మీద చెప్పాం. ఆ రోజు మేము ఒక్క మాట మీద చెప్పింది అదొక్కటే.

సేఠ్ మా మొహాలు ఒకసారి చూసి, అద్దాల పెట్టెలోంచి ఇంకో కత్తి తీశాడు. నల్ల పిడి, మూరెడు పొడుగు. వీపు మీద రంపం పళ్లు. పిడి మూత తిప్పితే లోపల బోలు. ఆ బోలులో గాలం, దారం, సూది, అగ్గిపుల్లలు. మూత మీద చిన్న దిక్సూచి. "సబ్ కుచ్ ఇస్మే హై," అన్నాడు సేఠ్. కాక కళ్లు పెద్దవయ్యాయి.

"ఇగో, ఇది కత్తంటే," అన్నాడు కాక. "చేపలు పట్టొచ్చు. మంట పెట్టొచ్చు. తొవ్వ తప్పితే తొవ్వ జూపిస్తది."

"మనం కోసేది యాటను గదప్పా," అన్నాడు ఫకీర్ సాహెబ్. "దానికి తొవ్వ సూపించాల్నా?"

"అగ్గువకే ఇస్తుండు."

"ఊరికే ఇచ్చినా వద్దు. ఇనుము పిడి లోపలికి బొటనేలంత గూడా పోలేదు సూడు. ఇది నట్టు మీద నిలబడిండాది. మెడ మీద పెట్టి గట్టిగా నొక్కితే పిడి నా సేతిలో, కత్తి దాని మెడలో ఉంటాది. ఒక్క పట్టున తెగకుంటే దానికి నరకం, నాకు పాపం."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన సేఠ్‌ను అడిగి అలాంటి కత్తులే ఇంకో రెండు తీయించి, మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. మూడు ముళ్లు మూడు దిక్కులు చూపించాయి. ఒకటి గోడ వైపు, ఒకటి సేఠ్ పొట్ట వైపు, ఒకటి కాక వైపు. రోజూ ఐదుసార్లు దిక్కు చూసుకుని నమాజు చేసే మనిషికి దిక్కుల గురించి చెప్పబోవడం కాకదే తప్పు.

"యా కత్తి మాట ఇనాల భోజన్నా?" అన్నాడు ఫకీర్ సాహెబ్. "గోడ కట్టేవానివి గోడ కట్టుకో. కత్తి జోలి నీకెందుకు?"

సేఠ్ నవ్వాడు. పక్క దుకాణం కుర్రాడూ నవ్వాడు. నేను కూడా నవ్వాను, అది కాక చూశాడు.

చివరికి ఫకీర్ సాహెబ్ మూల నుంచి ఒక కత్తి లాగాడు. జానెడు అలుగు, చెక్క పిడి. అలుగు ఇనుమే పిడి చివరిదాకా వచ్చింది, దానికి రెండు వైపులా చెక్కలు పెట్టి రివెట్లు కొట్టారు. తోలు ఒర. అక్కడక్కడా చిన్న తుప్పు మచ్చలు, ఎవరూ ముట్టుకోక. గోటితో మీటితే గణగణమంది. గరుకు రాయి ఒకటి కలిపి ఇవ్వమంటే సేఠ్ మారు మాట్లాడకుండా ఇచ్చాడు. దిక్సూచి కత్తిలో సగం ధర కూడా కాలేదు. మా ఊళ్లో కమ్మరి చేసిన కత్తికి ఇది చిన్న తమ్ముడు. కాకకు కూడా అది మంచి కత్తే అని తెలుసు. తెలుసు కాబట్టే ఎక్కువ కోపం వచ్చింది.

అప్పటి నుంచి కాక ఫకీర్ సాహెబ్‌తో మాట్లాడటం మానేశాడు. వాదన కూడా లేదు. పొద్దున ఇద్దరూ చాయ్ గ్లాసులు పట్టుకుని చెరో గోడను చూసేవారు. "హన్మంతూ, లైటు బంద్ జెయ్యమని జెప్పు," అని కాక అంటే, స్విచ్చు పక్కనే పడుకున్న ఫకీర్ సాహెబ్, "హన్మంతూ, ఇనిపించిందని సెప్పు," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మండటం కన్నా భయం ఎక్కువగా ఉండేది. శనివారం ఆయన వెళ్లిపోతాడు. ప్రొద్దుటూరుకూ మెట్‌పల్లికీ మధ్య ఈ ఇద్దరూ మళ్లీ కలిసే దారేదీ నాకు తోచలేదు. మాటల్లేకుండానే విడిపోతారేమోనని నాకు నిజంగా దిగులేసింది.

గురువారం పికప్ ముందు సీట్లో నేను నడుమ కూర్చున్నాను. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలికి దెబ్బ తగిలింది. వెనక యాట మాత్రమే దారంతా మాట్లాడుతూ వచ్చింది.

శుక్రవారం పొద్దున నేను లేచేసరికి కాక స్నానం చేసి, జమ్మిచెట్టు మొదట్లో ఇసుక చదును చేసి, పసుపు కుంకుమలతో పూజ పెట్టేశాడు. తాపీ, గుండు దారం, మట్టం బద్ద, నా చువ్వలు కట్టే కొక్కెం వరసగా ఉన్నాయి. నడుమ, ఒర లేకుండా, కుంకుమ బొట్టుతో కొత్త కత్తి. ఊదుబత్తి వెలుగుతోంది. ఎదురుగా ఉన్న పికప్ బానెట్‌కు కూడా మూడు బొట్లున్నాయి. చూసి నాకు ముచ్చటేసింది. పొయ్యి రాళ్లు పెట్టి, ఉల్లిగడ్డలు ముందేసుకుని, కత్తి కోసం చెయ్యి చాచాను.

"ముట్టకు," అన్నాడు కాక.

"ఉల్లిగడ్డ గొయ్యాలె గద."

"పూజల వెట్టిన ఇనుము పొద్దుగూకేదాక లేపద్దు."

నేను ఆయన్ని చూశాను. యాటను చూశాను. ఉన్నది ఒక్క కత్తి. టేపు చాకును క్యాంపులోనే పారేసి వచ్చాను, కొత్త కత్తి వచ్చిందన్న పొగరుతో.

ఫకీర్ సాహెబ్ చేతులు కడుక్కుని వచ్చాడు. గరుకు రాయి కూడా తెచ్చాడు. సంగతి విని, "హన్మంతూ, పొద్దు గుంకేలోపల మనం క్యాంపులో ఉండాలని సెప్పు," అన్నాడు.

"హన్మంతూ, దేవునికి టైంపీసు ఉండదని జెప్పు," అన్నాడు కాక.

"మరి బండికి గూడా బొట్టు పెట్టినాడే. బండి ఇనుము గాదా? దాన్ని మాత్రం కదిలించొచ్చునా, అడుగు."

కాక బానెట్ మీది బొట్లు చూశాడు. ఈ సంగతి ఆయనకు తట్టలేదని మొహంలోనే తెలిసింది. "బండి గూడ లేవది," అన్నాడు చివరికి.

ఇక నేను ఆగలేకపోయాను. ఆకలి ఒకటి, నాలుగు రోజుల తిక్క ఒకటి. "కాకా, మన ఊర్లె పొద్దుగాల పూజ జేస్తరు, జమ్మి పంచుకుంటరు, అయిపోతది. కటికోళ్లు దసరా నాడు కత్తి ముట్టకుంటె ఊరంత ఏం దింటది? పొద్దుగూకేదాక అని నీకు ఎవడు జెప్పిండు?"

"నేను జెప్తున్న."

"నువ్వు ఎవరివి జెప్పెటందుకు?"

కాక ఇసుక మీద కూలబడ్డాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"యాట గోస్తె వండుతవు. వండితె తింటం. తింటె గిన్నెలు గడుగుతవు, బండెక్కుతం. బండెక్కినమంటె ఖలాస్. రేపు ఈయన విమానమెక్కుతడు. గంతనే గదరా. ఇంకొంచెం సేపు ఉండనియ్యి."

యాట తాడు సాగదీసుకుని పూజ దగ్గరికి వచ్చి, కాక పంచడానికి తెంపి పెట్టుకున్న జమ్మి కొమ్మ తినడం మొదలుపెట్టింది. ఎవరం దాన్ని అదిలించలేదు.

ఫకీర్ సాహెబ్ రాయిని పక్కన పెట్టి, కాక పక్కనే కూర్చున్నాడు. ఒకసారి రోడ్డు వైపు చూశాడు.

"పొద్దు గుంకినాకే కోద్దాంలే," అన్నాడు, నాతో కాదు, కాకతోనే.

"ముదీర్ కోప్పడడా?" అన్నాడు కాక, ఆయన మొహం చూడకుండా.

"కోప్పడి ఏం జేస్తాడు భోజన్నా? వీసా కొట్టేస్తాడా?"

కాక నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గులో కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకుంటూ మళ్లీ నవ్వాడు. తర్వాత యాట మిగిల్చిన నాలుగు జమ్మి ఆకులు ఏరి ఫకీర్ సాహెబ్ చేతిలో పెట్టాడు. కాళ్లకు దండం పెట్టబోతే ఆయన పెట్టనివ్వలేదు. భుజాలు పట్టుకుని లేపి, గుండెకు హత్తుకుని అలాయి బలాయి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి నేను ఉల్లిగడ్డలు పిడికిలితో పగలగొట్టి, రొట్టెలోకి ఉప్పు అద్ది పెట్టాను. మంచి కత్తి పది అడుగుల దూరంలో బొట్టు పెట్టుకుని పడుకుని ఉంది. వాళ్లిద్దరూ ఉల్లిగడ్డ నములుతూ, తొలిసారి షిప్పు దిగిననాడు ఎవడు ముందు వాంతి చేసుకున్నాడన్న దాని మీద వాదన మొదలుపెట్టారు. ఆ వాదన ఇసుక చల్లబడేదాకా నడిచింది. ఎండలో, అరకడుపుతో, నేను దాన్ని సంతోషంగానే విన్నాను.

సూర్యుడు ఇసుక దిబ్బల అవతలికి దిగాడు. ఫకీర్ సాహెబ్ నమాజు చేసి వచ్చి చేతి గడియారం చూసుకున్నాడు.

"భోజన్నా, పొద్దు గుంకింది."

"ఇంక కొంచెం ఉన్నది," అన్నాడు కాక. "గా గుట్ట మీద ఎండ సూడు."

ఫకీర్ సాహెబ్ గుట్ట వైపు చూశాడు. నేనూ చూశాను. గుట్ట మీద ఎండ లేదు, గుట్టే సరిగా కనబడటం లేదు.

"ఔ," అన్నాడాయన, మళ్లీ కూర్చుంటూ. "ఉండాది."