పసుపు తిరగని నుయ్యి

మూడో బకెట్లో బ్లీచింగు పౌడరు కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్ళు మాత్రం నూతిలోకి వంచాడు నరసింగరావు. చేదతో బాగా కలియబెట్టాడు. అరగంట గట్టుమీద కూర్చున్నాడు. తర్వాత గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేశాడు.

నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పసుపు రంగు తిరగలేదు. నూతిలో మందు నిలవలేదన్నమాట.

భిలాయి దగ్గర ఉతై ఊరికి అవతలి బస్తీ ఇది. వరద తీసి నాలుగు రోజులైంది. కల్వర్టు కొట్టుకుపోయి ట్యాంకరు రాదు. ముప్పై ఇళ్ళకీ ఈ నుయ్యే దిక్కు. అప్పయమ్మ కోడలు మొన్ననే కంది. పొద్దుట ఆఖరి చెంబు నీళ్ళు కాచి పట్టారు.

"ఏటి బాబూ, ఎంతేసినా తినేస్తంది. నూతికి భోజనాలెడతన్నావేటి?" అంది అప్పయమ్మ బిందె పక్కన చతికిలబడి.

"లోపలేదో ఉంది పిన్నీ. అదే తింతంది."

హిందీ వాళ్ళకి మాత్రం పొద్దున్నుంచీ ఒకటే మాట చెబుతున్నాడు, నూతిలోకి వంగే: "పీలా హో, తబ్ పీ లే." పసుపైతేనే తాగమని. నుయ్యి మొదటి ముక్క మింగేసి తాగమనే చివరి ముక్కే తిప్పి పంపేది: "పీ లే." అది విని రెండుసార్లు ఆడవాళ్ళు బిందెలతో లేచొచ్చారు. రెండుసార్లూ అదిలించి పంపాడు.

"తాగమని అదే పిలస్తంది గదా," అంది అప్పయమ్మ.

"దాని మాట నువ్వినకు."

ఆయన ముక్కు గురించి భిలాయిలో చాలా చెబుతారు. సెక్టారు సిక్స్‌లో బ్లీచింగు డబ్బా మూత తీస్తే దుర్గ్ స్టేషన్లో తుమ్మేవాడట. అబద్ధమే అనుకోండి. వేళ్ళ సంగతి మాత్రం నిజం. పలాస నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగానికని వచ్చి, అది దొరక్క కాంట్రాక్టు నీళ్ళపనిలో ముప్పై ఐదేళ్ళు నానాడు. బ్లీచింగు వేలిముద్రల్ని ఎప్పుడో తినేసింది. రేషను షాపులో యంత్రం ఆయన్ని మనిషిగా ఒప్పుకోదు. భార్య గున్నమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె వేలితోనే బియ్యం వచ్చేవి.

మధ్యాహ్నం పాతాళగరిగె దింపాడు. కొక్కేలకి బరువు తగిలింది. నలుగురు పట్టి లాగారు. మనిషంత పొడుగు, మనిషంత లావు, ముడుచుకుని పడుకున్నట్టు ఒక బొంత పైకొచ్చింది. నరసింగరావే విప్పాడు. లోపల ఎవరూ లేరు. తల ఉండాల్సిన చోట గుంట మాత్రం ఉంది.

"ఎవుల్దిది?" అన్నాడు. ఎవరూ తమదనలేదు.

నాలుగో బకెట్టు పోశాడు. సాయంత్రం నాలుగింటికి గొట్టంలో నీళ్ళు లేత పసుపు తిరిగాయి.

బ్లీచింగు వాసనకి జనం విషమని జడుస్తారు. అందుకే ఏ ఊళ్ళోనైనా మొదటి గ్లాసు ఆయనే తాగుతాడు, అందరూ చూస్తుండగా. తాగాడు. గ్లాసు బోర్లించి చూపించాడు. గట్టుకి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"నరసింగరావు బాబూ," అని పిలిచింది అప్పయమ్మ. నుయ్యి కూడా పిలిచింది.

ఆయన పలకలేదు. చెయ్యి పట్టి చూస్తే నాడి ఆడటంలేదు.

జనం వెనక్కి జరిగారు. "పానీమే జహర్ హై," అన్నారెవరో, నీళ్ళలో విషముందని. బిందెలు ఒక్కొక్కటీ వెనక్కి మళ్ళుతున్నాయి. ఇంట్లోంచి పసిపిల్ల ఏడుపు వినబడుతోంది.

అప్పయమ్మ గొట్టం ఎత్తి ఎండకేసి చూసింది. పసుపే.

"జహరూ లేదు, గిహరూ లేదు. పొద్దున్నుంచీ నూతికే ఎట్టాడు, తనేటీ తిన్లేదు," అంది. చేద లాగి, అందరూ చూస్తుండగా దోసిలి పట్టి తాగింది. నోరు తుడుచుకుని నిలబడింది, చాలాసేపు. తర్వాత బిందె నింపుకుని ఇంటికి నడిచింది. ఆమె వెనక ఒక్కొక్కరే చేద అందుకున్నారు.

చీకటి పడకముందే ఆయన్ని మంచంమీద మోసుకుపోయారు. గట్టు కింద రబ్బరు చెప్పులు ఉండిపోయాయి, మడమల దగ్గర అరిగి, బ్లీచింగుకి తెల్లబడి, నూతివైపు తిరిగి.