మూడు సెకన్లు

నేను ఒక సర్వర్‌ని. అంబులెన్సుల కోసం జనం చేసే ఫోన్లన్నీ నా గుండానే వెళ్ళేవి. నాకేమైనా అయితే పని అందుకోవడానికి ఎదుటి భవనంలో నాలాంటిదే మరొకటి ఉండేది. సెకనుకొకసారి దానికి 'బతికే ఉన్నాను' అని కబురంపాలి. మూడు సెకన్లు కబురు అందకపోతే నేను చచ్చినట్టే లెక్క. అది పని అందుకునేది. ఆ మార్పిడికి నాలుగు నిమిషాలు పట్టేది. అంతసేపూ ఫోన్లు మూగబోయేవి, తెరలు నల్లబడేవి.

వానాకాలంలో మా రెండింటినీ కలిపే కేబుల్ గాలికి ఊగితే చాలు, నన్ను బతికుండగానే చంపేసేవారు.

నన్ను చూసుకునే ఇంజనీరు హైమావతి పై అధికారి విశ్వేశ్వరంగారికి రెండుసార్లు చెప్పింది. "సార్, గాలికే అయిదారు సెకన్లు కబురు ఆగిపోతోంది. మూడు సెకన్ల గడువు ఇరవై చేద్దాం."

"నడుస్తున్నదాన్ని కెలక్కమ్మా," అన్నారాయన.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం అప్పలకొండ అనే ఆవిడ ఫోన్ చేసింది. "మా ఆయన్ని పాము కరిసీసిందమ్మా, జీడితోటలో ఉన్నాం..."

"ఏ ఊరమ్మా?" అంది ఫోనెత్తిన నూకరత్నం.

ఆవిడ ఊరి పేరు చెబుతూనే ఉంది. గాలి విసిరింది. కేబుల్ అయిదు సెకన్లు పలకలేదు. ఫోన్ తెగిపోయింది. నూకరత్నం నల్లటి తెరను అరచేత్తో కొడుతూ కూర్చుంది. తెర వెలిగాక తనే అప్పలకొండకి తిరిగి ఫోన్ చేసి, ఊరు కనుక్కుని బండి పంపింది. ఆ మనిషి దారిలోనే పోయాడు. నాలుగు నిమిషాల ముందు బండి వెళితే బతికేవాడేమో, ఎవరూ చెప్పలేరు.

'ఫోన్ చేసినవారు చిరునామా సరిగ్గా చెప్పలేదు' అని విశ్వేశ్వరంగారు నివేదిక రాశారు. ఆ సాయంత్రమే హైమావతి ఎవరినీ అడక్కుండా గడువు ఇరవై సెకన్లకు మార్చింది.

నెల తిరిగాక అప్పలకొండ ఆఫీసుకు వచ్చింది. నా గది తలుపు దగ్గరే హైమావతి ఎదురైంది.

"నాను ఊరి పేరు తప్పు సెప్పీసినానా అమ్మా? అందుకేనా బండి ఆలస్యమైపోనాది? మా అత్త అదే అంటంది."

"లేదమ్మా. మీరు సరిగ్గానే చెప్పారు. తప్పు మాది," అంది హైమావతి.

అప్పలకొండ అక్కడే గోడకు జారబడి కూర్చుని ఏడ్చింది. ఆ మాట బయటికి పొక్కింది. వారం తిరక్కుండా హైమావతిని బదిలీ చేశారు.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టులో ఉన్నాను. నా చోటికి వచ్చిన యంత్రానికీ గడువు ఇరవై సెకన్లే పెట్టారు. నివేదికను మాత్రం ఎవరూ మార్చలేదు.