హాలు కోసం తీసేసిన మెట్లు

మూసీ పొంగి చాదర్‌ఘాట్ కింది బస్తీలన్నీ మునిగిన ఏడు, మా అబ్బాయి జీవరాజు బోయిగూడలో మా ఇంటి కింది భాగాన్ని ప్రార్థన హాలు చేశాడు.

"నీళ్ళు మన గల్లీ దాక రాలే. దేవునికి ఏమన్న చెయ్యాలె నాన్నా," అన్నాడు.

చిన్న ఇల్లు. హాలు పెద్దది కావాలంటే ఏదో ఒకటి పోవాలి. మా ముసలివాళ్ళ గది పోయింది. మమ్మల్ని పైకి ఎక్కించాక లోపలి రాతి మెట్లు కూడా పగలగొట్టారు. వాటి బదులు వెనక సందులో ఇనుప మెట్లు పెట్టారు, స్తంభం చుట్టూ తిరిగేవి.

నా భార్య ప్రేమమణికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కిటికీలోంచి ఆ మెట్లు చూసింది. "సీసా మూత తిప్పినట్టుందేందిరా, నేనెట్టా దిగేది?" అంది. ఆమెకు గుంటూరు మాట ఇంకా పోలేదు.

"వారానికి ఒక్కసారే గదమ్మా. నేను ఎత్తుకొని దించుత."

హాలు ప్లాను గీసిన ఇవాన్ మా సంఘం వాడే. "లోపల మెట్లుంటే ఇరవై కుర్చీలు తక్కువైతయ్ ఆంటీ," అన్నాడు.

"నేనొక్కదాన్ని తక్కువైతే ఫరవాలేదా?"

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

హాలు ప్రతిష్ఠ నాడు తెల్లచీర కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. కుర్చీతో సహా దించబోయారు, ముందు జీవరాజు, వెనక ఇవాన్. రెండు మెట్లు దిగారో లేదో కుర్చీ కాలు స్తంభానికీ కడ్డీకీ మధ్య ఇరుక్కుంది. సందులో జనం తలెత్తి చూస్తున్నారు.

"చీర తొలగుతుందిరా... వద్దు, పైకే తీసుకుపొండి," అని ఏడ్చింది.

పై గదిలో స్పీకర్ పెట్టారు. "ఈడ కూసోని సుత మంచిగ ఇనొచ్చమ్మా," అని జీవరాజు గబగబా దిగిపోయాడు. కింద పాటలు షురూ అయ్యాయి.

పాస్టరుగారు ఆమె పేరెత్తి ప్రార్థించారు. "ప్రభువా, నీ దాసురాలి మోకాళ్ళకు బలమియ్యి. ఆమె నీ మందిరానికి నడిచి వచ్చేలా చెయ్యి."

అందరూ ఆమేన్ అన్నారు.

ప్రేమమణి నా వైపు తిరిగింది. "నా మోకాళ్ళదేముందయ్యా? మెట్లు తీసేసింది వాళ్ళు గదా."

మాకు అన్నం పైకి పంపారు. ఆమె ముట్టలేదు.

తెల్లారి, ఎవరూ లేవకముందే ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టాను. నేను కింది మెట్టు మీద ఉండి, వెనక్కి దిగుతూ, ఆమె కాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ జరిపించాను. ఆమె మోచెయ్యి కడ్డీకి గీసుకుపోయింది. తరువాత మడతమంచం దించాను. కుర్చీలు గోడవారకు నెట్టి, వేదిక ముందు మంచం వేశాను. వచ్చేవాళ్ళకని కట్టిన బాత్‌రూం పక్కనే ఉంది.

జీవరాజు బనీను మీద దిగొచ్చాడు. "ఏంది నాన్నా గిది? వచ్చే ఆదివారం జనం ఎక్కడ కూసోవాలె?"

నేను సుత్తి తీసుకుని, కొత్త గోడకు మేకులు కొట్టి, దోమతెర కట్టాను.