ఇటుక చప్పుడు

నిన్న లేచిన గోడకు పొద్దున నీళ్లు కొట్టగానే పదకొండు చోట్ల ఇటుకలు మట్టిముద్దలై జారాయి. మంచిర్యాల అవతల కడుతున్న ఆ కాలనీలో మిట్టమధ్యాహ్నం దాకా ఎవరికీ కారణం అంతుబట్టలేదు. అప్పుడు పాత మేస్త్రి పర్శరాములుకు ఫోన్ చేశారు.

రెండు నెలల తర్వాత వచ్చిన పిలుపు. పనే అనుకుని అతను తాపీ, తూకం గుండు సంచిలో వేసుకుని వచ్చాడు. సిమెంటు మాలు మోసే భార్య బాలలక్ష్మి తట్ట పట్టుకుని వచ్చింది.

గోడ దగ్గర మేస్త్రీలు లేరు. పట్టాల మీద జరుగుతూ ఒక ఇనుప చేయి ఇటుకలు పేరుస్తోంది. ఇటుకను తీసింది, కొంచెం వాల్చింది, చిన్న కడ్డీతో రెండుసార్లు తట్టింది, మాలు మీద పెట్టి వెనక్కి లాగి నొక్కింది.

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగో... అచ్చం నీ లెక్కనే చేస్తుందయ్యా!"

ముప్ఫై ఏళ్లుగా అలా వాల్చి, అలా తట్టినవాడు అతనే.

మొన్న చలికాలం, ఈ కాలనీ కడుతున్న కంపెనీలో మిషిన్ల ఇంజనీరు భానుప్రసాద్ అతని చేతులకు వైర్ల పట్టీలు కట్టాడు. పర్శరాములుతో ఒకే గోడకు చెరో కొసన నిలబడి పనిచేసిన, ఇప్పుడు లేని లింగమూర్తి కొడుకు భానుప్రసాద్. మేస్త్రీల ఇళ్లల్లో మొదటి ఇంజనీరు. "సర్కారు సర్టిఫికెట్‌కు పరీక్ష మామా. నీ పనితనమంత చూపియ్యి" అన్నాడు. పర్శరాములు పది రోజులు తన గుంపుకు కూడా నేర్పని ఒడుపులు చూపించాడు. తప్పుతానేమోనని లోలోపల భయపడ్డాడు కూడా. సర్టిఫికెట్ రాలేదు, యంత్రం వచ్చింది. తొమ్మిది వందల కూలికి వచ్చే మేస్త్రీలు, ఐదు వందలకు వచ్చే ఆడవాళ్లు, మొత్తం పద్నాలుగు మంది ఒకే పూట ఇళ్లకు పోయారు.

"జర చూడు మామా" అన్నాడు భానుప్రసాద్. "నువ్వు చేసినట్టే చేస్తుంది. మరి ఇటికలెందుకు కరుగుతున్నయ్?"

పర్శరాములు కుప్పలోంచి ఒక ఇటుక తీసి తాపీ పిడితో తట్టాడు. ఖంగుమంది. ఇంకొకటి తట్టాడు. తడిమట్టిని కొట్టినట్టు మూగగా పలికింది.

"ఇది సరిగ్గ కాలలే. నేను ఊకె తడ్తననుకున్నవా? తట్టి వింట. నీ మిషిన్ తడ్తుంది గని వింటలేదు. నువ్వు నా చేతులకే కట్టినవ్, చెవికి కట్టలే."

భానుప్రసాద్ మొహం వెలిగిపోయింది. "గింతేనా! ఇంకో పది దినాలు రా మామా, మైకు పెట్టి ఆ చప్పుడు పట్టుకుంటం. దినానికి రెండు వేలిప్పిస్త."

"మొదటి సర్టిఫికెట్ ఏ గోడల పెట్టి కట్టినవ్ బిడ్డా?" అంది బాలలక్ష్మి.

అతను తల దించుకున్నాడు. "నిజం చెప్తే మామ చెయ్యడని... పైనోళ్లు అట్లనే చెప్పుమన్నరు అత్తా."

రెండు వేలు. బాలలక్ష్మి చేతిలోని తట్ట రెండు నెలలుగా మాలు ఎరగలేదు. పర్శరాములు ఆ తట్ట వైపే చూశాడు కాసేపు.

"చేతులిచ్చిన, సాలు. చెవి ఇయ్య. ఇటికలు ఏరాల్నంటే మా పద్నాలుగు మందిని పిలువు, ఏరుతం."

"నువ్వు కాకుంటే ఇంకో మేస్త్రి ఇస్తడు మామా."

"ఇయ్యనీ. వానికి మాత్రం పరీక్ష అని చెప్పకు."

పర్శరాములు తాపీ సంచిలో పెట్టుకున్నాడు. వెనక ఇనుప చేయి మరో ఇటుకను రెండుసార్లు తట్టింది. ఆ చప్పుడు మంచిదో చెడ్డదో తెలియక భానుప్రసాద్ అతని మొహంలోకి చూశాడు. ఇటుక మాలు మీదికి దిగుతోంది.