పసుపు నీళ్లలో పాల వ్యాగన్లు

పసుపు వాసనతో సువార్తకు ఆ ఉదయం వరకు ఏ పేచీ లేదు. కూరలో వేసుకునేదే, కాలికి దెబ్బ తగిలితే పూసుకునేదే. కానీ సందీప్ వాళ్ల కొత్త ఇంటి వెనక వసారాలో నాలుగు టబ్బుల ముందు నిలబడేసరికి ఆ వాసనకు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. టబ్బుల నిండా పసుపు నీళ్లు. ఆ నీళ్లలో ఆమె కట్టిన గూడ్సు బండి. ఇంకా బండి అనడమెందుకు, ముక్కముక్కా ఊడదీసిన ప్లాస్టిక్ ఇటుకలు.

పిల్లలు ఆడుకునే ఇటుకలే అవి. ఒకదాని బొడిపెలు ఇంకోదాని అడుగున దిగి పట్టుకుంటాయి. పాలిటెక్నిక్‌లో ఆమెతో చదువుకున్న సందీప్ ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఆ ఇటుకలతో రైళ్లు కట్టేవాళ్ల సంఘంలో చేరాడు. పెద్ద పెద్ద జీతాలు తీసుకునే మనుషులు సెలవురోజు నేల మీద బోర్లా పడుకుని బొమ్మ రైళ్లు తోలుకుంటారు. తోలుకోనీ, అంతకంటే చెడ్డ పనులు చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చిక్కల్లా ఒకటే. అంగట్లో దొరికేవన్నీ పరదేశపు బళ్లు. గుత్తి స్టేషన్లో ఆగే బొగ్గు వ్యాగను, యాడికి ఊరి వైపు నుంచి వచ్చే సిమెంటు వ్యాగను, తెల్లటి పాల ట్యాంకరు, చివర గార్డు పెట్టె ఏ అంగట్లోనూ లేవు. వాటిని ఇటుకలతో కట్టించుకోవాలంటే సందీప్‌కు సువార్తే గుర్తొచ్చింది. ఆమె నాయన నాగన్న ముప్పై ఏళ్లు రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. ఇంట్లో కూర్చుని చప్పుడు వింటే చాలు, పోయేది నిండు బండో ఖాళీ బండో చెప్పేస్తుంది ఆ పిల్ల.

ఎనిమిది నెలలు కష్టపడి పన్నెండు వ్యాగన్లు కట్టింది. నాలుగు పాల ట్యాంకర్లే ఆమె ప్రాణం తోడేశాయి. నలుచదరపు ఇటుకలతో గుండ్రటి పీపా రావాలంటే ముక్కలను పక్కకు తిప్పి, లోపలి కడ్డీ చుట్టూ నాలుగు వైపుల నుంచీ తగిలించాలి. కట్టాక చూస్తే మలుపు దగ్గర పెట్టెల మూలలు ఒకదాన్నొకటి పొడుచుకుని పట్టా తప్పేవి. ఏడుసార్లు విప్పి, చక్రాలు పెట్టె కింద విడిగా తిరిగేట్టు అమర్చాక గానీ బండి దారికి రాలేదు. ఏ వ్యాగనుకూ ఎలా కట్టాలో చూపే బొమ్మల పుస్తకం లేదు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో ఆమె వేళ్లకే తెలుసు.

ఆ సంఘం నడిపే ఆశ్రిత ఈ రోజు గృహప్రవేశానికి బెంగళూరు నుంచి వస్తోంది. బండి ఆమెకు నచ్చితే, వచ్చే నెల సంఘం పెట్టే ప్రదర్శనలో సువార్త పేరుతోనే ఒక బల్ల వేస్తారు. అక్కడికి వచ్చేవాళ్లు ఇలాంటి వ్యాగన్లు కట్టించుకోవడానికి క్యూ కడతారని సందీపే చెప్పాడు. ఆ బల్ల కోసం సువార్త ఎనిమిది నెలలు కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. నాలుగు రోజుల కింద బండిని అట్టపెట్టెల్లో సర్ది సందీప్ చేతికిచ్చింది. ఈ ఉదయం ఏడింటికి అతను ఫోన్ చేసి, "బండికి చిన్న పని పడింది, కొంచెం రా," అన్నాడు.

"ఏంది సందీప్ ఇది?" అంది సువార్త.

సందీప్ ఒక టబ్బును చేత్తో పక్కకు జరిపాడు. "హాల్లో దేవుని గది పక్కనే పెడతాండాము కదా. ఒకసారి శుద్ధి చేద్దామనింది మా అమ్మ."

"సోఫా కూడా దేవుని గది పక్కనే ఉండాది. దాన్ని కూడా ముంచినారా?"

"అది షాపులో కొనింది కదా."

షాపులో కొన్నదాన్ని మనుషులు చెయ్యరు కాబోలు. సువార్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పైన చల్లుకుంటే పోయేది. ఇట్లా ఎవురు విప్పినారు?"

అతను టబ్బుల వైపు చూశాడు. "లోపలికి నీళ్లు దిగవని... నేనే విప్పినా."

తల్లే విప్పి ఉంటే సువార్త ఓర్చుకునేదేమో. తన ఇంట్లో మంచం మీద కూర్చుని, తన తల్లి పెట్టిన సంగటి రెండో ముద్ద అడిగి తిన్న మనిషి, ఇంటికి పోయి తీరిగ్గా ఒక్కొక్క ముక్కా పీకి పసుపు నీళ్లలో వేశాడు. అతన్ని చూస్తేనే ఆమెకు రోత పుట్టింది.

"మా ఇంట్లో సంగటి తిన్న నోటిని ఏ నీళ్లతో కడుక్కున్నావు?" అనడిగింది.

అతను బదులు చెప్పేలోగా వాళ్లమ్మ రామసుబ్బమ్మ పట్టుచీర సర్దుకుంటూ వచ్చింది. ఆవిడ తిట్టలేదు, కసరలేదు. తిట్టినా బాగుండేది. "ఏమీ అనుకోవద్దు తల్లీ. నా మనసులో ఏమీ లేదు. మా అత్తగారి తట్టువాళ్లు ఒప్పుకోరు. ఎట్లా కట్టాలో మావానికి తెలీదంట. పుణ్యముంటాది, కొంచెం కట్టిచ్చి పో. ఇంద, ఇవి తొడుక్కో, చేతులకు పసుపంటుకుంటాది." ఆవిడ చాచిన చేతిలో, వడ్డించేవాళ్లు వేసుకునే పల్చటి ప్లాస్టిక్ తొడుగులు ఉన్నాయి. అవి దేనికో ముగ్గురికీ తెలుసు. ఆ తియ్యటి మాటలకు సువార్తకు ఒళ్లంతా జిడ్డు పూసినట్టనిపించింది.

"ఒక్క పూట సర్దుకో సువార్తా," అన్నాడు సందీప్. "ఆశ్రిత పదింటికంతా వస్తాది. బండి లేకుంటే నష్టం నీకే."

అదీ నిజమే, అందుకే ఇంకా అసహ్యంగా ఉంది. ఆమె తొడుగులు అందుకోలేదు. టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఉత్త చేత్తో ఒక తెల్ల ముక్క తీసింది. తెలుపు ఎక్కడుంది? చీము రంగుకు తిరిగింది. చున్నీకేసి రుద్దినా పోలేదు. ప్లాస్టిక్ డబ్బాకు పసుపు పడితే వదలదని వంటింట్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. రామసుబ్బమ్మకూ తెలుసు. అయినా మైల పోతే చాలనుకుంది.

సువార్త ముక్కలు ఏరి కట్టడం మొదలుపెట్టింది. పని తొందరలో ఉన్న పనిమనిషిలా తలెత్తకుండా కట్టింది. తొడుగులు పట్టుకుని రామసుబ్బమ్మ అలాగే నిలబడింది. అరగంటలో ఒక పాల ట్యాంకరు తయారైంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని సువార్త లేచి, ఎవరినీ అడగకుండా హాల్లోకి నడిచి, దేవుని గది పక్కన పరిచిన పట్టాల మీద సందీప్ అంగట్లో కొన్న ఇంజను వెనక పెట్టింది. కుర్చీల్లోని చుట్టాలు తలలు తిప్పి చూశారు.

అప్పుడే వాకిట్లో కారు దిగి ఆశ్రిత లోపలికొచ్చింది. పలకరింపులైనా ముగించకుండా పట్టాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకరును వేలితో ముందుకూ వెనక్కూ నడిపింది. "గుండ్రం ఎంత బాగా వచ్చిందండీ. ఈ రంగైతే మరీను. ఎండకూ దుమ్ముకూ మాసిన అసలు వ్యాగనులానే ఉంది. ఎలా తెప్పించారు?"

"అది సువార్త కనిపెట్టిన ప్రత్యేకమైన పద్ధతి," అన్నాడు సందీప్ గబగబా. సువార్త వైపు చూసి కళ్లతోనే బతిమాలాడు.

ఔనంటే చాలు, బల్ల దొరుకుతుంది. సువార్త ఆశ్రిత వైపు తిరిగింది.

"నేను వేసిన రంగు కాదక్కా. పాల వ్యాగను కదా, తెల్లగానే కట్టినా. నేను ముట్టుకున్నానని వీళ్లు ముక్కముక్కా విప్పి పసుపు నీళ్లలో కడిగినారు. విప్పింది సందీప్. తక్కిన పదకొండు వెనక టబ్బుల్లో ఉండాయి, పోయి చూడు. దీన్ని మాత్రం ఇప్పుడే నా చేత్తో మళ్లీ కట్టి తెచ్చినా."

ఆశ్రిత వేలు ట్యాంకరు మీదే ఆగిపోయింది. రామసుబ్బమ్మ గుమ్మంలో నిలబడి కొడుకు వైపు చూసి, దేవుని గది వైపు చూసి, గడ్డంతో చిన్నగా సైగ చేసింది.

సందీప్ వచ్చాడు. వంగి, ఆశ్రిత వేలి కింది నుంచే ట్యాంకరును తీసుకున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని అడిగింది ఆశ్రిత.

అతను దాన్ని పట్టుకుని వెనక వసారాలోకి, టబ్బుల దగ్గరికి నడిచాడు.