తీరమున నిలిచిన తోడు

జ్యేష్ఠమాస మధ్యాహ్నమునఁ జండమార్తాండుని కిరణములు విశాఖ సముద్రతలముపైఁ గరఁగిన రజతమువలెఁ బఱచుకొని చూపఱకన్నులు మిఱుమిట్లు గొలుపుచుండ, వడగాడ్పులకు వెఱచి జనులు తలుపులు బిగించుకొనియుండఁగా, కొండవాలున నున్న యొక వీడియో ఆటల నిర్మాణశాలయందు నీలిపరదల చాటున శీతలయంత్రముల మంద్రఘోషమధ్యమున నొక పరీక్ష జరుగుచుండెను. అద్దపుగోడ కీవల నిలిచి దానిని గనుచున్న కథారచయిత్రి వకుళ హృదయమునకు మాత్రము చల్లఁదనము సోఁకదయ్యెను.

నాలుగేండ్లు శ్రమించి యామె కల్పించిన యాటకుఁ గథ యొక్కటియే. సముద్రమునకుఁ బోయి తిరిగిరాని యన్నను వెదకుచుఁ జంపక యను కన్య తీరమువెంట నూరూరును దిరిగి తుద కతఁడిఁక లేఁడని యొప్పుకొని యొక దీపమును గెరటములపై విడుచును. ఆ యన్న రూపమును వకుళ తన సొంతయన్న ఛాయాచిత్రములనుండి తీర్చెను. అతఁడును సముద్రమునఁ బోయినవాఁడే. ఈ సంగతి నామె శాలలో నెవ్వరికిని జెప్పియుండలేదు.

ఈ కథ నాడువారు ఏకాకులై యాడవలెనని యామె పట్టు. శాలాధిపతి గోవర్ధనరావు తలంపు వేఱు.

"ఈ రోజుల్లో ఒంటరిగా ఎవరు ఆడతారమ్మా? ఇద్దరు స్నేహితులు కలిసి ఆడుకునేలా ఉండాలి. సాయంత్రానికి ప్రచురణ సంస్థకి జవాబు చెప్పాలి. కాదంటే మన ఆట మూలపడుతుంది" అని యతఁ డుదయముననే హెచ్చరించియుండెను.

రెండవ పాత్రకు వేఱు దేహమును గీయ వ్యవధి లేకుండుటచేఁ బ్రోగ్రామరు పైడిరాజు, పరీక్షవఱకుఁ జాలునని తలంచి, సిద్ధముగా నున్న యన్నబొమ్మనే తెచ్చి రెండవవారి చేతి కిచ్చెను. ఇట్టి తాత్కాలికపు సర్దుబాటులు ఆ శాలలో నిత్యకృత్యములు. కావున నెవ్వఁడు వెదకఁబడుచుండెనో వాఁడే వెదకుదాని ప్రక్క నడువఁజొచ్చెను.

పరీక్షకు వచ్చినవారు వదినామఱఁదండ్రు. మఱఁదలు స్రవంతి చంపకను నడుపుచుండ వదిన గౌరీశ్వరి యన్నను నడుపుచుండెను.

"ఏటే, నన్ను ఎతుక్కుంటా నా పక్కనే నడుస్తన్నావు? కళ్ళజోడు మార్పించాల నీకు!" అని గౌరీశ్వరి పకపక నవ్వెను.

"గెంతకు వదినా! ఆ తెరమీద ముసలమ్మ అన్న కబురేదో చెప్తంది, విననీ."

"నేను ఎదురుగా నిలబడ్డా దానికి కనబడ్డం లేదేటి? దానికీ కళ్ళజోడే!"

ఆ నవ్వులు వకుళ గుండెలో ములుకులై నాటెను.

కడపటి ఘట్టము వచ్చెను. చంపక చేత దీపము వెలుఁగుచుండెను. ఒక్క బటను నొక్కినచో నది నీటి పాలగును. స్రవంతి కేమి తోఁచెనో చంపకను వెనుకకుఁ ద్రిప్పెను. ఇసుకపై, వకుళ యన్న ఛాయాచిత్రములందువలెనే, యెడమభుజ మించుక యెత్తి యన్న నిలిచియుండెను. గౌరీశ్వరియు నవ్వు మాని బొమ్మను నడుపు కంట్రోలరు నొడిలో నుంచి మఱఁదలి భుజముపైఁ జేయి వైచెను.

"నొక్కవే తల్లీ."

"ఎలా నొక్కను వదినా? ఇంకా నిలబడే ఉన్నాడు కదా."

నిమిషములు గడచెను. ఆట ముగియలేదు.

తోడు తెరలోపల నడచునంతకాలము వియోగము వియోగము కానేరదనియు, దుఃఖించువారికి వలయు తోడు తెర కీవల మఱఁదలి భుజముపైనున్న చేతియందే యున్నదనియు వకుళకుఁ దోఁచెను. ఆమె ప్రక్కన నిలిచి చూచుచున్న గోవర్ధనరావువైపు తిరిగెను.

"ఇద్దరాట వద్దండి. ప్రచురణ సంస్థ పోతే పోనివ్వండి."

అతఁడు తెరవైపుఁ జూచి, "నీ కథమ్మా, నీ ఇష్టం. రేపు మాత్రం నన్ననకు" అని నిట్టూర్చెను.

"అయితే ఆ బొమ్మని తీసెయ్యమంటారా, మేడమ్?" అని పైడిరాజు తన యంత్రమునుండి తల యెత్తి యడిగెను.

శవము దొరకలేదను నెపమునఁ దొమ్మిదేండ్లుగా నన్నకుఁ గర్మ చేయింప నొల్లక, తల్లి యెంత వేఁడినను గోడపైని పటమునకుఁ బూలదండ వేయనీయక, వీథితలుపు చప్పుడైనపుడెల్ల నులికిపడి చూచుచున్న యామె కా సామాన్యప్రశ్న బొమ్మనుగూర్చి మాత్రమే యడిగినట్లు తోఁపలేదు.

"తీసెయ్యి" అని తుదకుఁ బలికెను.

తీరము శూన్యమయ్యెను. స్రవంతి కన్నులు దుడుచుకొని బటను నొక్కెను. దీపము కెరటమునెక్కి మెల్లఁగా దూరమగుచుండెను. వదిన చేయి మఱఁదలి భుజముపైనే యుండెను. అద్దపుగోడ కీవల వకుళ భుజముపై నే చేయియు లేదు. రిక్తమైన యా యిసుకను ఱెప్పవేయక చూచుచు నామె యొంటిగా నిలిచియుండెను.