ఒంటరిగా రాకూడని చోటు

"లివరు నీ మాట వినే రోజులు అయిపోయాయి ఫ్రాన్యో. తాగుడు మానేసినవాళ్ళ మధ్య వెళ్ళి కూర్చో. మంగళవారం క్లబ్బుకి వెళ్తావా సరే, లేదంటే వచ్చే ఏడాది నా దగ్గరికి రావలసిన పనే ఉండదు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

అలాంటి క్లబ్బు ఫ్రాన్యో ఊళ్ళోనూ ఉంది. ఎక్కడనుకున్నారు? ఫైర్ స్టేషన్ మేడమీద! మెట్లు సరిగ్గా బజారులోకే దిగుతాయి. ఎవడెక్కాడో, ఎవడు దిగాడో ఎదురుగా కాఫీ తాగేవాళ్ళందరికీ కనబడుతుంది. ఫ్రాన్యో ఆ ఊరి పోస్ట్‌మ్యాన్. ఇరవై ఆరేళ్ళుగా గడపగడపకీ పింఛను అందిస్తున్నాడు, గడపగడపలోనూ ఓ చిన్న గ్లాసు ప్లం పళ్ళ సారా పుచ్చుకుంటున్నాడు. వద్దంటే ముసలాళ్ళు నొచ్చుకుంటారు మరి! సాయంత్రానికి సైకిలే అతన్ని ఇంటికి తోలుకొచ్చేది. ఊరందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ మెట్లెక్కడమంటే తన నోటితో తాను ఒప్పుకోవడమే. అంత ధైర్యం అతనికి లేదు.

అందుకని ఉద్యోగుల సంఘం మీటింగని భార్య నెవెంకతో చెప్పి, బస్సెక్కి నలభై కిలోమీటర్ల దూరంలోని నాషిత్సె ఊరి క్లబ్బుకి వెళ్ళాడు. అక్కడ తనని ఎరిగినవాళ్ళు లేరు.

చర్చి వెనక గదిలో పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. అందరూ జంటలు జంటలుగా. మొగుడూ పెళ్ళాలు, తల్లీ కొడుకులు. జూరో అనే వడ్రంగి లేచి, "రోజుకి అర లీటరు తాగేవాణ్ణి" అన్నాడో లేదో, పక్కనే ఉన్న పెళ్ళాం అందుకుంది.

"అర లీటరా! లీటరని చెప్పు. ఆ మత్తులో పక్కింటి కోళ్ళని మన దొడ్లోకి తోలిన సంగతి కూడా చెప్పు."

అందరూ నవ్వారు. జూరో కూడా నవ్వాడు. ఫ్రాన్యో మాత్రం తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. మూడేళ్ళ కిందట కూతురి పెళ్ళిలో, అందరూ చూస్తుండగా, పెళ్ళికూతురి తెల్లగౌను మీదే కక్కాడు. ఆ మాట ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. నెవెంక ఇలా పక్కన కూర్చుని దాన్ని పదిమందిలో చెబితే? అమ్మో!

క్లబ్బు పెద్ద రూజ, ఒకప్పటి నర్సు, అతనివైపు తిరిగింది. "నీతో ఎవరొచ్చారు నాయనా?"

"ఎవరూ లేరు."

"ఇక్కడికి ఒంటరిగా ఎవరూ రారు. తాగింది నువ్వొక్కడివే అయినా, నలిగింది ఇల్లంతా కదా. నీ భార్య ఏది?"

"పోయింది" అన్నాడు ఫ్రాన్యో.

ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. రూజ తన కుర్చీ లాక్కుని వచ్చి అతని పక్కనే వేసుకుంది. "అయితే ఈ రోజుకి నేనే నీ మనిషిని" అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పెట్టేది కాదు.

తర్వాత పేర్లూ చిరునామాలూ రాసే పుస్తకం అతని ముందుకు జరిపారు. చూడండి ఈ మనిషి తెలివి! బతికున్న పెళ్ళాన్ని చంపడానికి నాలుక తడబడలేదు కానీ, తప్పు చిరునామా రాయడానికి పోస్ట్‌మ్యాన్ చెయ్యి ఒప్పుకోలేదు. వీధి, ఇంటి నంబరు, పిన్‌కోడ్‌తో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి వచ్చాడు.

వారమంతా చుక్క ముట్టలేదు. కానీ మళ్ళీ మంగళవారం వచ్చేసరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. బస్సు వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

ఎవరైనా ఒక్క వారం రాకపోతే ఇంటికి వెళ్ళి చూసి రావడం ఆ క్లబ్బువాళ్ళ పద్ధతి. శనివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. పిండి చేతులతోనే నెవెంక తలుపు తీసింది. గుమ్మంలో రూజ, జూరో. జూరో చేతిలో అర కిలో కాఫీ పొడి, రూజ చేతిలో సమాధుల దగ్గర వెలిగించే ఎర్రగాజు దీపం.

"ఫ్రాన్యో మంగళవారం రాలేదమ్మా, మందు మానే క్లబ్బుకి. ఎలా ఉన్నాడో చూసిపోదామని వచ్చాం. ఈ దీపం పాపం ఆయన భార్యకి" అంది రూజ.

నెవెంక ఆ దీపాన్నే చూస్తూ ఉండిపోయింది. వంటింటి తలుపు సందులోంచి చూస్తున్న ఫ్రాన్యోకి అక్కడికక్కడే ప్రాణం పోతే బాగుండుననిపించింది.

"నేను ఆవిడ చెల్లెల్ని. బావకి వంట చేసిపెట్టడానికొచ్చాను. లోపలికి రండి" అంది నెవెంక.

ఎక్కడా తొణకలేదు. పోస్ట్‌మాస్టరు ఫోన్ చేస్తే జ్వరమనీ, కూతురు చేస్తే నిద్రపోతున్నాడనీ ఏళ్ళ తరబడి చెప్పిచెప్పి అలవాటైన గొంతు అది. ఇప్పుడు తన చావుని కూడా అదే గొంతుతో ఒప్పేసుకుంది. ఇక ఫ్రాన్యోకి భయం లేదు. నోరు మూసుకుని ఉంటే చాలు, భార్య పోయినవాడిగా ఎన్ని మంగళవారాలైనా నాషిత్సె వెళ్ళొచ్చు.

అయినా అతను వంటింట్లోంచి బయటికి వచ్చాడు.

"చెల్లెలు కాదు, ఎవరూ కాదు. నెవెంకే. నా భార్య. తన పక్కన కూర్చుని నేను తాగుబోతునని చెప్పలేక, చచ్చిపోయిందని చెప్పాను." చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జూరో తన బూట్ల వైపు చూసుకున్నాడు.

నెవెంక గుమ్మం పక్కన స్టూలు మీద కూలబడింది.

"ఛీ! ఎంత మాటన్నావు ఫ్రాన్యో" అంది. చేతుల పిండి దులుపుకుని మళ్ళీ తనే అంది. "నువ్వు ఇప్పుడు బయటికి రాకపోయుంటే నేను చచ్చినదాని కిందే లెక్క. నీ కోసం ఎన్ని అబద్ధాలాడానో నాకే తెలియదు. ఇక నా వల్ల కాదు. నీ సంగతులు నువ్వే చెప్పుకో. నేను పక్కన కూర్చుంటాను."